తెల్లదోమ వెంట మూడు జిల్లాలు

సికింద్రాబాదు నుంచి కాజీపేట వెళ్ళే రైలుమార్గంలో జనగామ ఉన్నది. బమ్మెర, పాలకుర్తి గ్రామాలు ఈ జిల్లాలోనివే. ఆ పేర్లు చెప్పగానే మీకు పోతన, సోమనాథుడు గుర్తుకు వచ్చి ఉంటారు. కాని పిల్లలూ, ఈ మారు నేను వెళ్ళినది కవుల ఊళ్ళు చూడడానికి కాదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాలలో టమాటా తోటలను పట్టి పీడించే ఒక తెగులును చూడడానికి. ఈ మూడు పట్టణాలూ ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న మూడూ వేరు వేరు జిల్లాలకు ముఖ్యపట్టణాలైనవి. తెగులుకు మాత్రం ఈ పొలిమేరలతో పని లేదు.

జనగామ వైపు వాన తక్కువ. బోరుబావి నీరు ఎంతవరకు పారుతుందో అంతవరకే టమాటా పెడతారు. శివరాత్రి వెళ్ళి ఎండ ముదురుతున్న రోజులలో నేనొక తోటలోకి దిగాను. సగం మొక్కలు మోకాలెత్తు పెరిగినవి. మిగిలినవి జానెడు మించలేదు. వాటి ఆకులు చిన్నవై, అంచులు పైకి ముడుచుకొని దొన్నెలలాగా ఉన్నవి. ఈనెల మధ్య పసుపురంగు కమ్మింది. కణుపులు దగ్గర దగ్గరగా వచ్చి మొక్క గుబురు కట్టింది. పూత లేకపోలేదు, కాని రాలిపోతున్నది.

"ముడత తగిలింది సారూ. మూడు మార్లు మందు కొట్టినం, నయం కాలె," అన్నది ఆ తోట గల అమ్మ.

"నాటి ఎన్ని దినాలైందమ్మా?"

"నెల దాటింది. బిడ్డ ఫీజు దీని మీదనే కడదామనుకున్నం."

ముడత పడిన మొక్కను తిరిగి బాగుచేసే మందు ఈనాటికీ లేదు. అంగడిలో ఏ సీసా కొన్నా అది పురుగును చంపవచ్చునేమో గాని, మొక్కలోకి చేరిన వైరస్‌ను బయటికి తీయలేదు. ఈ ఒక్క సంగతి ముందుగా తెలిస్తే ఎన్ని ఇళ్ళలో ఎంత డబ్బు మిగిలేదో!

ఆ అమ్మ చేతనే ఒక ఆకును తిప్పించాను. అడుగున నూకగింజ కంటె చిన్నవి, తెల్లని పురుగులు ఉన్నవి. కదిలించగానే పిండి చల్లినట్టు లేచినవి. అదే తెల్లదోమ. పేరుకు దోమే గాని ఇది దోమ కాదు, ఈగ కూడా కాదు, పేనుబంకకు చుట్టం. పొడవు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. రెక్కల మీద మైనపు పొడి ఉండడం చేత తెల్లగా కనబడుతుంది. ఎండ రోజులలో మూడు వారాలకే గుడ్డు పెద్ద పురుగై మళ్ళీ గుడ్లు పెడుతుంది.

తెల్లదోమకు సూదివంటి నోరున్నది. జబ్బు మొక్క మీద అరగంట రసం పీల్చితే చాలు, రసంతోపాటు వైరస్ దాని కడుపులోకి పోతుంది. కడుపు నుంచి నెత్తురులోకి, నెత్తురు నుంచి లాలాజల గ్రంథులలోకి చేరుతుంది. ఈ లోపలి ప్రయాణానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ తరువాత ఆ పురుగు ఏ మంచి మొక్క మీద వాలినా లాలాజలంతో వైరస్‌ను అంటిస్తుంది. ముడత కంటికి కనబడడానికి మరి రెండు మూడు వారాలు కావాలి. అంటే రైతు మందు కోసం పరుగెత్తేనాటికి దొంగ వచ్చి వెళ్ళి చాలా రోజులైనదన్నమాట.

ఇక వైరస్ సంగతి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే రెండేసి బంతులు అతుక్కొని కవలలవలె కనబడతవి. అందుకే శాస్త్రజ్ఞులు ఈ కుటుంబానికి మిథునరాశి పేరు మీదుగా జెమినీ వైరస్‌లని పేరు పెట్టారు. ఒక్కొక్క జంట పొడవు సుమారు 30 నానోమీటర్లు. మిల్లీమీటరు పొడవున 33 వేల జంటలను వరుసగా పేర్చవచ్చును!

మన దేశంలో ఈ తెగులును గురించి 1948లో వాసుదేవ, శాంరాజ్ అనే శాస్త్రజ్ఞులు వ్రాశారు. ఇటువంటి ముడత, పసుపు తెగుళ్ళు అంతకంటె ఎంతో పాతవి. జపానును ఏలిన కోకెన్ అనే మహారాణి 752లో ఒక పద్యం చెబుతూ, ఎండాకాలంలోనే పసుపుపచ్చగా మారిన ఒక మొక్కను వర్ణించింది. అది తెల్లదోమ తెచ్చిన వైరస్ పనేనని 2003లో శాస్త్రజ్ఞులు వివరించారు. పాపం, మహారాణికి ఆ ఆకులు అందంగానే తోచి ఉంటవి.

జనగామ నుంచి మళ్ళీ రైలెక్కి, కాజీపేట, వరంగల్లు దాటి మహబూబాబాదులో దిగాను. ఇక్కడివారు మానుకోట అంటారు. ఇది మిరప సీమ. పత్తి కూడా ఎక్కువ. తెల్లదోమకు ఈ రెండూ విందుభోజనాలే. పత్తి చేను ఎండిపోగానే పచ్చగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. పక్కనే టమాటా నారు ఉన్నదనుకోండి, ఇక చెప్పాలా?

పరిశోధన అంటే గాజు గొట్టాల మధ్య మాత్రమే జరుగుతుందని మీరనుకోవచ్చు. ఈ తెగులు మీద పరిశోధన మొదట కాలినడకన, ఎక్కాల లెక్కతో జరుగుతుంది. చేనులో అటూ ఇటూ నడచి అయిదు చోట్ల ఆగాలి. ఒక్కొక్క చోట 20 మొక్కలు చూడాలి. మొత్తం 100 అయినవి గదా! అందులో ముడత పడినవి 18 అయితే నూటికి 18. ఎండాకాలంలో ఎంత, వానాకాలంలో ఎంత, పత్తి పక్కన ఎంత, దూరాన ఎంత అని వ్రాసుకుంటే తెగులు నడక తెలుస్తుంది. తరువాత ఆకులను ప్రయోగశాలకు పంపి, పి.సి.ఆర్. అనే పద్ధతితో వైరస్ డి.ఎన్.ఏ.ను గుర్తిస్తారు. ఎందుకంటే ఈ వైరస్ ఒకటి కాదు: న్యూఢిల్లీ పేరుతో ఒకటి, బెంగుళూరు పేరుతో ఒకటి, ఇంకా ఉన్నవి. ఏది ఎక్కడ ఉన్నదో తెలియకుండా దానికి తట్టుకునే విత్తనం ఏదో చెప్పలేరు.

ఆ విత్తనం కథ కూడా చిత్రమైనది. మన రామములగకు దక్షిణ అమెరికాలో అడవి చుట్టాలున్నవి. ఆకుల మీద నూగు, తినడానికి పనికిరాని కాయలు. కాని ఆ అడవి మొక్కలలో ముడతను తట్టుకునే గుణం ఉన్నది. వాటితో సంకరం చేసి, ఆ గుణాన్ని మంచి కాయకు తెచ్చారు. బెంగుళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క రక్షక్ అనే రకం ముడతతో పాటు మరి రెండు తెగుళ్ళను కూడా తట్టుకుంటుంది. అయితే వైరస్ మారుతూ ఉంటుంది గనుక ఈ పందెం ముగిసేది కాదు.

వరంగల్లుకు తిరిగి వచ్చి, బస్సులో పరకాల మీదుగా భూపాలపల్లి చేరాను. బొగ్గు గనులు, అడవి, వాటి మధ్య చేలు. ఇక్కడ ఒక రైతు నారుమడి మీద దోమతెర కట్టాడు. అంగుళానికి 40 కన్నులుండే సన్నని నైలాను తెర. మొక్క ఎంత లేతగా ఉన్నప్పుడు ముడత తగిలితే నష్టం అంత ఎక్కువ. పసితనంలో తగిలితే కాయే ఉండదు. అందుకే తెర. చేను చుట్టూ ముందుగానే జొన్న వేశాడు. లోపల పసుపురంగు జిగురు అట్టలు వ్రేలాడుతున్నవి. పసుపు చూస్తే తెల్లదోమ ఆగలేదు.

ఏడవ తరగతి చదివే ఆయన కొడుకు పలక పట్టుకొని సాళ్ళ వెంట నడిచాడు. "నూటికి మూడు, నాన్నా!" అన్నాడు. ఆ మూడు మొక్కలూ పచ్చగానే ఉన్నవి, పూతకు కూడా వచ్చినవి. తండ్రి ఒక్క క్షణం వాటి వంక చూచి, ముందుగా తెల్లదోమలు లేవకుండా ఒక సంచి కప్పి, మూడింటినీ వేళ్ళతో సహా పెరికి గట్టు అవతల గోతిలో పూడ్చాడు. పిల్లవాడు పలక తుడిచి పక్క చేనుకు బయలుదేరాడు.