తరవాణి కుండ

మా యమ్మగారు గతించిన పిమ్మట మా యింట తరవాణి కుండ యెండిపోయెను. మేమెఱిగినంతవరకు ఆ కుండ యొక్కనాడును ఒట్టిపోలేదు. నిన్నటి పులుపే నేటి గంజిని పులియబెట్టుచుండెను. చద్దియన్నములో ఆ తేట పోసికొని పొలమునకు బోవు అలవాటు మా కోనసీమలో తరతరములది.

సంస్కృతాంగ్లములు చదివిన మాకు గంజి పులియబెట్టుట యెంతపని యని పుష్యమాసమున నారంభించితిమి. క్రొత్తకుండలో పిడికెడు చద్దియన్నము వైచి, వార్చిన గంజిని పొగలు గ్రక్కుచుండగనే పోసి మూతపెట్టితిమి. మూడు దినములు గడచినను పులుపు లేదు, నురుగు లేదు. గంటకొకసారి మూత తీసి చూచితిమి. తోచక మఱికొంత యుప్పు వేసితిమి. ఐదవనాటికి బూజు పట్టగా పాఱబోసితిమి.

పులియుట సజీవవ్యాపారమని పాస్చరు 1857లోనే వ్రాసెను. పులుపు పుట్టించు ఆ సూక్ష్మజీవులలో పెక్కు 60 డిగ్రీల వేడికి మడియును. చలికి చావవు గాని మందగించును. పిల్లలకు బోధించు ఈ సంగతి మా కుండయొద్ద మాకు స్ఫురింపలేదు. అమెరికాలో 1978 నాటి చట్టము అనుమతించిన పిమ్మట ఇంట బీరు కాచుకొనువారు ప్రబలిరి. అచ్చటి క్రొత్తవారికి అనుభవజ్ఞులు చెప్పునదియు నిదియే: రసము చల్లారకమున్ను ఈస్టు వేయకుము, బుడగలు కానరాలేదని బెదరక సాంద్రత కొలిచి చూడుము, చలియైనచో వెచ్చనిచోటికి జరుపుము, అప్పటికిని కదలిక లేనిచో చురుకైన క్రొత్త ఈస్టు కలుపుము.

చురుకైన తరవాణి మా తోటలో కొబ్బరికాయలు పోగుచేయ వచ్చు వృద్ధురాలి యింట కలదు. ఆమెది ఊరిచివరి పేట. ఈ మాట వినినంతనే మా పెద్దమ్మగారు, "ఏమిరా, ఆ యింటి తరవాణి మన కుండలో కలుపుతావట్రా?" అనిరి. మేము బదులు చెప్పలేదు. ఒక దినమంతయు తటపటాయించితిమి. అస్పృశ్యతను ఖండించుచు సభలలో ప్రసంగించిన నోరు మాది! ఇది వ్రాయుటకు సిగ్గగుచున్నది.

మఱునాడు గిన్నె పట్టుకొని మేమే పోయితిమి. ఆమె గిన్నెను జూచి, మమ్ము జూచి, "మీ యింట్లో తాగుతారాండి?" అనెను. మేమచ్చటనే ఒక లోటా యడిగి త్రాగితిమి. పిమ్మట గిన్నె నింపుచు ఆమె చెప్పెను: "గంజి సల్లారాక పొయ్యండి పంతులుగారూ. ఏడిగా పోత్తే సచ్చిపోద్దండి. పొయ్యికాడ ఎట్టండి. ఊరికే మూత తియ్యకండి." పాస్చరు పేరు వినకయే ఆమె సర్వమును జెప్పెను.

అట్లే చేసితిమి. రెండవనాటి యుదయమున కుండ పులిసినది. రుచి మా యమ్మగారి నాటిదే. ఏ పేటనుండి వచ్చినదో ఆ సూక్ష్మజీవులకు తెలియదు. వెచ్చదనము దొరకిన చాలును.

2022లో మా జిల్లాకు అంబేద్కరుగారి పేరు చేర్చిరి. పేరు పలకపై వ్రాయుట యొకనాటి పని. వంటయింటి లోనికి వచ్చుటకు మాబోటివారి గడపలే అడ్డము. మా పెద్దమ్మగారు ఇంకను ఆ కుండను ముట్టరు. మేము తొందరపెట్టము, కాని ప్రతిదినము వారి యెదుటనే ఒక లోటా త్రాగుచున్నాము.