నీకు భయపడేరా

2024 శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి అమ్మ తాడేపల్లిగూడెంలో మా చెల్లెలింటికి వెళ్లింది. ఆ సాయంత్రం చెల్లి ఫోన్ చేసి, ‘అన్నయ్యా, నువ్వు అరవనంటేనే చెబుతాను’ అంది. ఆ మాట వింటూనే నాకు అరవాలనిపించింది.

సంగతేమిటంటే, ఆ వారం మొదట్లో, సోమవారం నాడు అమ్మకో ఫోనొచ్చింది. బ్యాంకు నుంచట. అమ్మ పేరు, నాన్న పేరు, ఊరు, ఖాతా ఏ బ్రాంచిలో ఉందో అన్నీ వాడే చెప్పాడు. కేవైసీ చేయించలేదు కనక సాయంత్రానికల్లా ఖాతా ఆగిపోతుందన్నాడు. వాట్సాప్‌లో ఒక ఫైలు పంపి నొక్కమన్నాడు. పేరు చివర ఏపీకే అని ఉండే ఫైలు. అలాంటిది ఫోన్లోకి దిగిందంటే మనకొచ్చే మెసేజీలన్నీ, ఓటీపీలతో సహా, వాడు ఎక్కడో కూర్చుని చదువుకోవచ్చు. అడిగిన చోటల్లా అమ్మ శ్రద్ధగా నంబర్లు నింపింది. అరగంటలో 50 వేలు పోయాయి. రోజుకింతకు మించి తీయకూడదన్న పరిమితి అడ్డొచ్చి అక్కడ ఆగాడు. మర్నాడు పొద్దున్నే మిగిలిన 24 వేలూ తీసేశాడు.

మా ఊరు కొల్లేటి అంచున, కైకలూరు వైపు. ఆ డబ్బు చేపల మేతకని నాన్న అమ్మ ఖాతాలో వేసింది. సోమవారం రాత్రే అమ్మ నోరు విప్పి ఉంటే ఆ 24 వేలైనా దక్కేవి. శుక్రవారం దాకా చెప్పలేదు. నాన్న చెరువు మీదే పడుకుంటున్నాడు. అన్నం క్యారేజీ పంపిస్తూ, ఏమీ జరగనట్టే ఉంది.

నేను ఏలూరులో చేపల వ్యాపారం చేసే ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాను. వెంటనే రైలెక్కాను. భీమడోలు దాటేదాకా అమ్మను ఏమేం అడగాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. తీరా ఎదురుపడ్డాక ఒక్కటే అడిగాను, ‘నాకెందుకు చెప్పలేదమ్మా?’ అని.

‘నీకు భయపడేరా’ అంది.

అంతకు ముందు ఏడాది అమ్మ ఏదో లాటరీ లింకు చుట్టాల గ్రూపులో పెట్టింది. ఇంటినిండా జనం ఉండగా ‘నువ్వు చదువుకున్నదానివేనా’ అన్నాను. నేను మర్చిపోయాను. అమ్మ మర్చిపోలేదు.

మరి వాడి మాట వింటున్నప్పుడు అనుమానం రాలేదా అంటే, వచ్చిందట. ‘అమ్మగారూ, అమ్మగారూ అని అంత మర్యాదగా మాట్లాడుతుంటే ఫోనెలా పెట్టేస్తాంరా? బాగోదు కదా!’ అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మా వైపు అప్పులవాడొచ్చినా ముందు మంచినీళ్లిచ్చి ‘కూర్చోండి’ అంటారు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ నేర్చుకున్న ఆ మర్యాదకి, అవతలి వాడి మాట మధ్యలో ఫోన్ కట్ చేయడం పెద్ద తప్పు. మోసగాడికి కంప్యూటర్ విద్యకంటే ఈ సంగతి బాగా తెలుసు.

వాడికి వివరాలు ఎక్కడ దొరికాయో ఇప్పటికీ తెలీదు. కానీ లీజు కాగితాలకీ, సిమ్ కార్డుకీ, గ్యాసుకీ ఎన్ని ఆధార్ జిరాక్సులు ఇచ్చామో లెక్కేముంది! ఆ రాత్రి చెల్లెలింట్లో పునుగులు తెచ్చిన కాగితం విప్పితే ఎవరిదో అప్పు దరఖాస్తు, ఫొటోతో సహా. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కంప్యూటర్లోకి ఎక్కిన వివరాలకే వర్తిస్తుంది. పునుగుల పొట్లం దాని పరిధిలోకి రాదు. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, వేల సిమ్ కార్డులు చెలామణిలోకి తెచ్చాడని అభియోగం. అది గుర్తొచ్చి, అమ్మ ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేయించాను. ఆధార్ వెబ్‌సైటులోనే ఆ వీలుంది, డబ్బేమీ అక్కర్లేదు.

1930కి కూడా ఆ రాత్రే ఫోన్ చేశాం. దొంగసొమ్ము ఒకచోట నిలవదు, ఖాతాలు మారిపోతూ ఉంటుంది. ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఫిర్యాదు అందితే, దాన్ని అక్కడే ఆపించడానికి 2021లో పెట్టిన ఏర్పాటిది. మాది ఐదో రోజు. ఏమీ దొరకలేదు. బ్యాంకుకు వెళ్తే 2017 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు చూపించారు. ఖాతాదారు అజాగ్రత్త వల్ల పోయిన సొమ్ము, బ్యాంకుకు తెలియజేసేదాకా ఖాతాదారుదే. తెలియజేశాక పోయేది మాత్రం బ్యాంకుది. ఆ రెండో వాక్యం చదివినప్పుడు కడుపు రగిలింది. సోమవారం రాత్రి ఒక్క ఫోను చేసి ఉంటే! అమ్మ చేయలేదని కాదు, చేయనీయకుండా చేసింది నేను.

అన్నట్టు, అప్పట్లో మా ఆఫీసు కంప్యూటర్ పాస్‌వర్డ్ కీబోర్డు కింద కాగితం మీద రాసి ఉండేది. నలుగురికీ ఒకటే. మార్చమని అడిగినప్పుడల్లా చివరి అంకె ఒకటి పెంచేవాళ్లం. గూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఉన్న మా చెల్లెలి భర్త కొట్లో ఫోన్ పిన్ను గుమాస్తాలందరికీ వచ్చు. మమ్మల్ని మాత్రం ‘చదువుకున్నవాళ్లేనా’ అని ఎవరూ అనలేదు.

మేత బాకీ నేనూ చెల్లీ చెరిసగం వేసుకుని తీర్చాం. నాన్నకు అమ్మే చెప్పింది. ‘పోతే పోయాయిలే, తుపానుకి గట్టు తెగితే ఇంతకంటే పోదూ’ అన్నాడట.

ఇప్పుడు అమ్మ వేళాపాళా లేకుండా ఫోన్ చేస్తుంది. ఎంత పనిలో ఉన్నా ‘చదివి వినిపించమ్మా’ అంటాను. మొన్న కరెంటు బిల్లని మెసేజొస్తే, మోసమేమోనని ముట్టుకోకుండా దాచి, నేను ఇంటికెళ్లాక చూపించింది. అది నిజం బిల్లే. గడువు దాటి నాలుగు రోజులైంది.