అరణ్యలో ఒక పగలు

నా చదువంతయు మా తాతగారి యొద్దనే సాగినది. వారు పడకకుర్చీలో కూర్చుండి పద్యము చదువగా, నేను వారి పాదములకడ కూర్చుండి అర్థము చెప్పెడిదానను. మన కావ్యములలో మొట్టమొదట పురవర్ణనము తప్పదు గదా! మనుచరిత్రములోని అరుణాస్పదపురమును గాని, మఱి యే కావ్యములోని నగరమును గాని చూడుడు. ఆకాశము నంటు మేడలు, అగడ్తలు, ఉద్యానములు, నాలుగు వర్ణములవారి వైభవము మనకు కన్నులకు కట్టును. ఆ మేడలు కట్టిన కూలివారు రాత్రి యెక్కడ పరుండిరో, వారి వాకిండ్లలోని నీరు ఏ దారిని పోయెనో ఏ కవియు చెప్పలేదు. నేనును తాతగారిని అడుగలేదు. గడచిన వేసవిలో ఆ ప్రశ్న మా ఆడపడుచు నోటివెంట వచ్చినది. దానిని గూర్చి మీతో చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా వారు తెనాలిలో బడిపంతులు. మా మామగారు గతించిన పిదప వారి కడగొట్టు చెల్లెలు మా యింటనే పెరిగినది. ఇంటర్మీడియట్టు గణితముతో ముగించి, "వదినా! నేను ఇంజనీరింగు చదువను, నగరప్రణాళిక చదివెదను" అని పట్టుబట్టినది. "ఊళ్లు కట్టుటకు కూడ బడి యున్నదా? ఊళ్లు వాటంతట అవి పెరుగును గదా!" అని నేనే నవ్వితిని. పిల్ల చిన్నబుచ్చుకొన్నది. దాని పేర దాచిన సొమ్ము కొంత కలదు. అది పెండ్లికో, అందఱెఱిగిన యేదైన చదువునకో చాలును గాని రెండింటికిని చాలదు. "నీవు తల్లివంటిదానవు, నీ మాట చెప్పుము" అని మా వారు భారమంతయు నామీద వేసిరి. నాకు మాట తోచలేదు. ఇంతలో ఇండోరులో నున్న మా చెల్లెలు రమ్మని పిలిచినది. పిల్లను వెంటబెట్టుకొని బయలుదేరితిని.

బెజవాడలో రైలెక్కితిమి. మంచిర్యాలకడ గోదావరిని, ఇటార్సి దాటిన పిదప నర్మదను దర్శించి, రెండుచోట్లను నీటిలో నాణెములు విడిచితిమి. భోపాలులో దిగి, అచ్చటనుండి మఱియొక బండిలో ఇండోరు చేరితిమి.

ఇండోరు హోల్కరుల నగరము. కాశీవిశ్వేశ్వరుని ఆలయమును తిరిగి కట్టించిన అహల్యాబాయి పేరెఱుగని హిందూస్త్రీ యుండునా? ఆమె రాజధాని మహేశ్వరమైనను, ఇండోరువారు ఆమెను తమ యింటి పెద్దముత్తైదువనుగా తలచుకొందురు. ఏడంతస్తుల రాజవాడను చూచితిమి. నన్ను అంతకంటె ఆశ్చర్యపెట్టినది వీథుల శుభ్రత. దేశమందలి నగరముల పారిశుద్ధ్యమును పరీక్షించు ప్రభుత్వపు సర్వేలో ఈ ఊరు 2017 మొదలు 2023 వఱకు వరుసగా ప్రథమస్థానము పొందినది. కడపటి యేట మాత్రము సూరతుతో పంచుకొన్నది. తడిచెత్త, పొడిచెత్త ఇంటిలోనే వేఱుచేసి బండికి ఇచ్చు పని మా చెల్లెలు దేవతార్చనవలె తప్పక చేయుచున్నది.

దీనికి వెనుక ఒక పాతకథ కలదు. స్కాట్లండు దేశస్థుడగు పాట్రిక్ గెడ్డిస్ అను పండితుడు తొలుత జీవశాస్త్రజ్ఞుడు. పిదప నగరములను పరిశీలింపసాగెను. నగరములను గూర్చి ఆయన కూర్చిన పటములు 1914లో మన దేశమునకు వచ్చుచుండగా, మన పెద్దలు నేటికిని చెప్పుకొను ఆ ఎండెను నౌకయే వానిని సముద్రములో ముంచినది. ఆయన క్రుంగక క్రొత్తపటములు తెప్పించి 1915లో మద్రాసులో ప్రదర్శన జరిపెను. 1917 ప్రాంతమున ఇండోరులో ప్లేగు ప్రబలియుండగా హోల్కరు ప్రభువు ఆయనను పిలిపించెను. ఆయన ఒక దినము తనను మహారాజుగా చేయుమని కోరెనట! దీపావళికి గొప్ప ఊరేగింపు ఏర్పాటు చేసి, అది పాతదారిని పోదనియు, ఏ వీథివారు ఇండ్లు ఎక్కువగా బాగుచేసికొందురో ఆ వీథివెంట పోవుననియు చాటించెను. ఇక చూడుడు! గృహిణులందఱు చీపురులు పట్టిరి. ఊరేగింపులో ప్లేగురక్కసియు, పెద్ద యెలుకబొమ్మయు నడచినవి. వీథులూడ్చువారు తెల్లని వస్త్రములు దాల్చి పూలదండలతో సగౌరవముగా నడచిరి.

గెడ్డిస్ పండితుని మతము మిక్కిలి సులభమైనది. ఇఱుకువీథిని బాగుచేయుటకు వీథినంతయు పడగొట్టరాదు. ముందు కాలినడకను తిరిగి ప్రతి యింటిని చూడవలెను. కూలుటకు సిద్ధముగా నున్న ఒకటి రెండిండ్లు మాత్రము తీసి, ఆ చోట గాలియు వెలుతురును వచ్చునట్లు చేసి, ఒక చెట్టు నాటవలెను. నేర్పరియైన వైద్యుడు కుఱుపును మాత్రము కోయును గాని కాలు తీసివేయడు గదా! ఇండోరును గూర్చి ఆయన వ్రాసిన నివేదిక 1918లో రెండు సంపుటములుగా వెలువడినది. అందు రెండవది విశ్వవిద్యాలయమును గూర్చియే. ఊరు బాగుపడుటకును బడికిని ఎంత సంబంధమున్నదో దీనివలననే తెలియుచున్నది.

మఱునాడు మా మఱదిగారు, "నేడు మిమ్ములను అరణ్యకు తీసికొనిపోయెదను" అనిరి. సీతమ్మవారి అరణ్యవాసము తలపునకు వచ్చి నేను నవ్వితిని. తీరా చూడగా అరణ్య యనునది అడవి కాదు. బొంబాయి–ఆగ్రా మార్గమున, నగరమధ్యమునకు కొన్ని మైళ్ల దూరమున, పేదలకొఱకు కట్టిన ఊరు. పూనాలో 1927లో జన్మించిన బాలకృష్ణ దోషిగారు, వారి వాస్తుశిల్ప ఫౌండేషనువారు ఇండోరు అభివృద్ధిసంస్థకొఱకు దీనిని రూపొందించిరి. 1989 నాటికి ఇది సిద్ధమైనది. 1995లో ఆగాఖాన్ బహుమానము పొందినది. దోషిగారికి 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చినది. వాస్తువిద్యలో అంతటి గౌరవము పొందిన తొలి భారతీయుడు ఆయనయే. 2023లో ఆయన దివంగతులైరి.

లెక్కలు వినుడు. 85 హెక్టారులు, అనగా 210 ఎకరములు. సుమారు 6,500 ఇండ్లస్థలములు. 60,000 మంది నివసించునట్లు ఏర్పాటు. అన్నిటికంటె చిన్నస్థలము 35 చదరపు మీటరులు. మన లెక్కలో అది ఒక సెంటుకంటెను తక్కువ! అంతటి స్థలములో ఏమి కట్టియిచ్చిరి? నిండుయిల్లు కాదు. పునాది వేసి, స్నానపుగదియు మరుగుదొడ్డియు కట్టి, నీరును విద్యుత్తును తెచ్చి నిలిపిరి. కొంచె మెక్కువ చెల్లింపగలవారికి వంటయిల్లో ఒక గదియో తోడైనది. తక్కినది ఇంటివారే తమ చేతనైనప్పుడు, చేతనైనంత కట్టుకొనవలెను. ఎట్లు కట్టుకొనవచ్చునో చూపుటకు 80 నమూనాయిండ్లు కట్టి చూపిరి. పదేసి యిండ్లు ఒక గుంపుగా వీథివైపు తెఱచుకొనును. వెనుక పెరడు ఉండును. 20 ఇండ్లకు ఒక సెప్టిక్ ట్యాంకు. పెద్దరస్తాప్రక్కనున్న పెద్దస్థలములను కలిగినవారికి ఎక్కువ ధరకు అమ్మి, ఆ లాభమును పేదల స్థలములకు వినియోగించిరి.

మొదట నాకు నచ్చలేదు. "పాయిఖానా ముందును, పడకగది వెనుకనా? ఇదేమి వాస్తు?" అంటిని. పిల్ల మాఱుపలుకక ఒక యింటి ముందు నిలిచినది. ఆ యింటికి అరుగు కలదు! అచ్చటివారు దానిని ఒటలా యందురు. అరుగుమీద ఒక నడివయసు స్త్రీ కుట్టుమిషను పెట్టుకొని రవికలు కుట్టుచున్నది. మా చెల్లెలు హిందీలో పలుకరింపగా ఆమె మమ్ములను కూర్చుండబెట్టి మంచినీరిచ్చినది.

ఆమె చెప్పినదిది. "మా యత్తగారు వచ్చినప్పుడు ఇక్కడ పునాదియు, దొడ్డియు మాత్రమే. రేకులు కప్పుకొని వండుకొన్నారట. మా మామగారు తాపీపనివారు. ఒక్కొక్క యేడు ఒక్కొక్క గోడ లేపిరి. నేను కాపురమునకు వచ్చునాటికి మెట్లు వచ్చినవి. ఇప్పుడు మేడమీది గది అద్దెకిచ్చితిమి. దొడ్డి మాత్రము మేము కట్టగలిగెడివారము కాము. గోడ నేడు కాకున్న రేపు లేపుకొనవచ్చును. భూమిలోపలి గొట్టములు మనచేత నగునా?"

ఆ మాట నా గుండెకు తగిలినది. మా యింట పాచిపని చేయు ఆమెకు మా యూరికి దూరమున ఒక కాలనీలో ఇంటిస్థలమిచ్చిరి. పట్టా చేతికి వచ్చిన దినమున ఆమె పసుపుకుంకుమలతో పూజించినది. కాని అచ్చట నీరు లేదు, మురుగు పోవు దారి లేదు, పనికి వచ్చుటకు బస్సు లేదు. ఆఱు నెలలు బాధపడి తిరిగి కాలువగట్టు గుడిసెకే వచ్చినది. "ఇల్లు ఇచ్చినను నిలుపుకొనలేదు" అని ఇరుగుపొరుగువారు ఆడిపోసికొనిరి. నేనును ఆ మాట అన్నదాననే. అరణ్యలో ఆ అరుగుమీద కూర్చుండి నా తప్పు నేను తెలిసికొంటిని. ఆమెకు ఇచ్చినది నేల, ఇల్లు కాదు. ఇంటికి కావలసిన కష్టమైన భాగమును ఆమెకే వదలిపెట్టిరి.

మేము ఇట్లు మాటలాడుచుండగా మా ఆడపడుచు ఊరకుండలేదు. అరుగు పొడవును జానలతో కొలిచినది. వీథి వెడల్పును అడుగులతో లెక్కించినది. పిల్లలెచ్చట ఆడుకొందురో, నీడ యే వేళ యే వైపునుండునో ఒక కాగితముమీద గీచుకొన్నది. పిదప వీథులన్నియు తిరిగితిమి. మూడంతస్తుల మేడలు చాల లేచినవి. ఆ తొలి నమూనాయిండ్ల రూపు అనేకచోట్ల గుర్తుపట్టలేకుండ మాఱినది. మొదటివారిలో అనేకులు ధర పెరుగగానే అమ్ముకొని పోయిరని తెలిసినది. అది విని పిల్ల ఆగి, "అమ్ముకొన్నవా రెక్కడికి పోయిరి వదినా? వారు ఇప్పుడెక్కడ పరుండుచున్నారు?" అని అడిగినది.

నేను తాతగారిని అడుగని ప్రశ్న అదియే! మేడలను చూచి మురిసిపోవుట నాకు వచ్చును. ఆ మేడల వెనుకనున్న మనుష్యులను వెదకుట ఈ పిల్లకు వచ్చును. అంతటి బహుమానము పొందిన ఊరిలోకూడ ఇంకను తెలిసికొనవలసినది మిగిలియున్నది. దానిని తెలిసికొను చదువు వ్యర్థమని నేనెట్లు చెప్పగలను?

ఆ రాత్రి మా మఱదిగారు ఈ విద్యను గూర్చి వివరించిరి. ఢిల్లీలో ఈ విద్యకు 1955లోనే ప్రత్యేకమైన పాఠశాల వెలసినదట. అహమ్మదాబాదులో దోషిగారే 1962లో వాస్తువిద్యాలయమును స్థాపించిరి. అచ్చట 1972లో ప్రణాళికావిద్యయు మొదలైనది. 2008లో కేంద్రప్రభుత్వమువారు భోపాలులోను, మన విజయవాడలోను ప్రణాళికా వాస్తువిద్యాలయములను స్థాపించిరి. హైదరాబాదులోని వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయములోను ఈ విద్య కలదు. ఇంటర్మీడియట్టులో గణితము చదివినవారు జే.ఈ.ఈ. మెయిన్ పరీక్షలో ప్రణాళికకు ప్రత్యేకించిన పత్రము వ్రాయవలెను. చదువు నాలుగేండ్లు. పటములు గీయుటయే కాక ఆర్థికము, సమాజశాస్త్రము, రవాణా, గృహవసతి, చట్టము అన్నియు నేర్తురు. ఇది వినగానే నేను నొసలు కొట్టుకొంటిని. తెనాలికి గంట ప్రయాణములో నున్న బెజవాడ బడిని గూర్చి తెలిసికొనుటకు నర్మద దాటి రావలసివచ్చినది!

తిరిగివచ్చిన దినమున మా వారితో, "సొమ్ము చదువునకే. పెండ్లిమాట పిదప చూతము" అంటిని. వారు కన్నులు తుడుచుకొనిరి. మన మొక యాడపిల్లకు నిండుయిల్లు కట్టి యీయలేము. పునాది గట్టిగా వేసినచో గోడలు అదియే లేపుకొనును.

సోదరీమణులారా! మన యిండ్లలో పిల్లలు లేకున్నను ఈ విద్య మనకు దూరము కాదు. ప్రభుత్వమువారి స్వయం అను పాఠ్యవేదికలో నగరప్రణాళికను గూర్చిన పాఠములు ఇంట కూర్చుండియే వినవచ్చును. 1992 నాటి 74వ రాజ్యాంగసవరణము పురపాలకసంఘములలో మూడవవంతు స్థానములకు తక్కువ కాకుండ స్త్రీలకు కేటాయించినది. ఊరి మాస్టరుప్లాను చిత్తుప్రతిని ప్రకటించినప్పుడు అభ్యంతరములు తెలుపు హక్కు ప్రతి పౌరునికిని కలదు. మీ వీథి యే రంగులో నున్నదో, మురుగు ఏ దారిని పోవునో, పాచిపనివారి పేట యెక్కడ చూపిరో ఒకమాఱు వెదకి చూడుడు. తెలియనిచో అడుగుడు. అడుగుటకు సిగ్గుపడి ఇన్నేండ్లు ఊరకుంటిమి, ఇకనైన ఊరకుండవలదు.