వేన్నీళ్ల రోగం

ఇంజనీరింగ్ మూడో ఏడు కుర్రాడు. నెలకోసారి రెండు మూడు రోజులు ఒకటే వాంతులు. ఎండోస్కోపీ, స్కానింగ్ అన్నీ అయ్యాయి, ఫైలు నిండా నార్మల్ రిపోర్టులే. "గ్యాస్ ట్రబులేమోనండీ, హాస్టల్ తిండి పడట్లేదు" అంది తల్లి. తర్వాత మాటల మధ్యలో, "వాంతులొస్తే బాత్రూం వదలడండీ. గీజర్ ఖాళీ అయ్యేదాకా వేన్నీళ్లు పోసుకుంటూనే ఉంటాడు" అంది.

రోగం అక్కడ దొరికింది. ఏళ్ల తరబడి గంజాయి తాగేవాళ్లలో కొందరికి ఈ వాంతులు పట్టుకుంటాయి. వేడినీళ్లు ఒంటిమీద పడుతున్నంతసేపే హాయి. ఆస్ట్రేలియా డాక్టర్లు 2004లో దీని గురించి రాశారు. మామూలు వాంతుల మందులకు అంతగా లొంగదు. గంజాయి మానేస్తే పోతుంది, మళ్లీ ముట్టుకుంటే తిరగబెడుతుంది. గంజాయి వికారాన్ని తగ్గిస్తుందని ఎవరో చెప్తే, ఈ పిల్లలు ఇంకో రెండు దమ్ములు ఎక్కువే లాగుతారు.

తల్లిని బయట కూర్చోమన్నాను. ఈ వయసు పిల్లల్ని అమ్మానాన్నల ముందు అడిగి రాసుకున్న జవాబు కాగితం దండగ. "తాగుతావా?" అంటే "లేదు సార్" అనడం తేలిక. అందుకే "రోజుకెన్నిసార్లు నాన్నా?" అన్నాను. తలుపు వైపు చూసి, "నాలుగైదు... పరీక్షలప్పుడు ఇంకా ఎక్కువ" అన్నాడు. వెంటనే, "పోలీసులకు చెప్తారా సార్?"

గంజాయి వద్దంటూ కాలేజీల్లో ర్యాలీలు చేయిస్తారు (ప్లకార్డు పట్టుకుని నడిచినవాడే మర్నాడు నా ఓపీకి వచ్చిన సందర్భమూ ఉంది), జైలు బొమ్మలు చూపిస్తారు. మత్తుమందులపై 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ గురించి మాత్రం ఎవరూ చెప్పరు. వాడుతూనో, కొద్దిపాటి సరుకుతోనో దొరికి కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు కూడా తనంతట తాను ప్రభుత్వాస్పత్రిలోనో గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ తప్పుతుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

మానేసిన మొదటి వారం నిద్రపట్టదు, ఊరికే కోపమొస్తుంది, అన్నం సయించదు. ఇంట్లోవాళ్లు దాన్ని పొగరనుకుంటారు. ఈ కుర్రాడి తండ్రి మెడికల్ షాపులో యూరిన్ కిట్ కొని, రెండు వారాల తర్వాత పాజిటివ్ వచ్చిందని చెయ్యి చేసుకున్నాడు. గంజాయి కొవ్వులో నిలవ ఉంటుందనీ, రోజూ తాగినవాడు మానేశాక నెల వరకూ మూత్రంలో కనిపించొచ్చనీ ఆయనకు చెప్పడానికి అరగంట పట్టింది. కుర్రాణ్ణి సైకియాట్రిస్టుకు పంపాను. నాన్నకు తెలియకుండా మాట్లాడాలనిపిస్తే చెయ్యమని డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 నంబరు చీటీ మీద రాసిచ్చాను.