యేసయ్య ఎవలికి మొక్కినాడు?

త్రిత్వం గురించి చాలా ఏళ్లు తప్పు బోధించాను. సరైనది ఏమిటో చదువుకున్నవాణ్నే. కొండమీది జనానికి అంత లోతు ఎందుకు, తేలిగ్గా అర్థమయ్యేట్టు చెబితే చాలనుకున్నాను. ఆ అనుకోవడంలో చిన్నచూపు ఉంది. అప్పట్లో దాన్ని ప్రేమే అనుకున్నాను.

నేను చెప్పిన ఉదాహరణ మీరూ వినే ఉంటారు, సండేస్కూల్లో పిల్లలకు చెప్పే ఉంటారు. నీళ్లు గడ్డకడితే మంచు, కాగితే ఆవిరి. వస్తువు ఒకటే, రూపాలు మూడు. దేవుడూ అంతే! కిరండూల్ పాసింజర్‌లో అరకు వెళ్లి, అక్కణ్నుంచి ఏ ఊరికి నడిచినా నా ప్రసంగం ఇదే. డిసెంబరు చలిలో పొయ్యిమీద టీ మరుగుతుంటే ఆ ఆవిరినే చూపించేవాణ్ని. అందరూ తలలూపేవారు.

కాఫీ పళ్లు కోసే రోజుల్లో ఒక సాయంత్రం కూడికకు ఒక పెద్దావిడ తోటనుంచి నేరుగా వచ్చింది. వేళ్లకు పళ్ల జిగురు ఇంకా వదల్లేదు. అంతా విని అడిగింది: "అయితే అయ్యగారూ, గెత్సేమనే తోటలో యేసయ్య ఎవలికి మొక్కినాడు? తనకి తానే మొక్కుకున్నాడేటి?"

"అది మర్మం అమ్మా" అనేసి పాట ఎత్తుకున్నాను.

కూడిక అయ్యాక ఆమే చెప్పింది. ఎదిగిన కొడుకు జ్వరంతో పోయాడు. డోలీలో మోసుకెళ్తుంటే దారిలోనే. "రాత్రంతా అడిగినానయ్యా, వద్దు దేముడా అని. యేసయ్యా అడిగినాడు గదా, ఆయనకే కాదన్నారు గదా అనుకొని ఊరుకున్నాను."

అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. నా ఉదాహరణ ప్రకారం ఆ తోటలో ఉన్నది ఒక్కడే. అడిగినవాడూ ఆయనే, కాదన్నవాడూ ఆయనే. అంటే ఆ చెమట, ఆ బతిమాలడం అంతా నటన. కొడుకు పోయాక ఆమె పట్టుకుని బతుకుతున్న ఆధారాన్ని నా టీ గిన్నె ఆవిరితో చెరిపేశాను. ముగ్గురూ ఒకేసారి ఉన్న చోటు నాకు తెలియనిదేం కాదు: యొర్దానులో కుమారుడు నీళ్లలోంచి వస్తుండగానే ఆత్మ పావురంలా దిగింది, ఆకాశంనుంచి తండ్రి స్వరం వినపడింది. ఆ భాగం మీద ఎన్నిసార్లు ప్రసంగించానో! గెడ్డలో బాప్తీస్మం ఇచ్చే ప్రతిసారీ ముగ్గురి పేరూ పలికాను కూడా.

ఈ పొరపాటు పాతదే. మూడో శతాబ్దంలో రోములో సబెల్లియస్ దాదాపు ఇదే చెప్పాడు: ఒక్క దేవుడే ఒకసారి తండ్రిగా, ఒకసారి కుమారుడిగా, ఒకసారి ఆత్మగా కనిపిస్తాడని. సంఘం ఒప్పుకోలేదు. తర్వాత అరియస్ రెండో కొసకు పోయి, కుమారుడు సృష్టించబడినవాడే అన్నాడు. 325లో నైసియా సభ దాన్నీ తోసిపుచ్చింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ విశ్వాస ప్రమాణంలో ఆత్మను గురించి మరిన్ని మాటలు చేర్చింది. సృష్టిలో ఒకడైనవాడు మనల్ని రక్షించలేడని పట్టుబట్టినందుకు అతనేషియస్ ఐదుసార్లు ప్రవాసం అనుభవించాడు. పరీక్షకోసం ఈ సంవత్సరాలన్నీ బట్టీపట్టాను. వీటి వెనక ఉన్నది ఆ తల్లి అడిగిన ప్రశ్నేనని మాత్రం తట్టలేదు. ఏడ్చినవాడు నిజంగా దేవుడేనా? ఆ ఏడుపు వినడానికి నిజంగా తండ్రి ఉన్నాడా?

మళ్లీ ఆ ఊరు వెళ్లి, నేను చెప్పింది తప్పని అందరి ముందూ చెప్పాను. ఆమెతో విడిగా కూర్చుని ఇలా చెప్పాను. ఆ రాత్రి ఆమెకు మాట పెగలనప్పుడు లోపల మూలిగినవాడు ఆత్మ. ఆ మూలుగును మోసుకెళ్లినవాడు తోటలో చెమటోడ్చిన కుమారుడు. విన్నవాడు తండ్రి. ముగ్గురూ ఒక్క దేవుడే, ఆమె ఏడుపు ఆ ముగ్గురి మధ్యనే ఉంది. ఎలా ముగ్గురు, ఎలా ఒక్కరు అనేదానికి ఈసారి ఏ ఉదాహరణా ఇవ్వలేదు.

ఆమె కాసేపు ఆలోచించింది. "ఇన్నాడు గదా, మరెందుకు కాదన్నాడు?"

తెలీదమ్మా అన్నాను. ఆ తోటలో కుమారుడికీ కారణం చెప్పలేదని, అయినా ఆయన తండ్రీ అనే పిలిచాడని చెప్పాను.