ఎండ కన్నెఱుగని రోగి

మన భాషలో ఊసరవెల్లి యను మాట జంతువునకు పేరుగా కంటె మనిషికి తిట్టుగానే యెక్కువ వాడుకలో నున్నది. పూటకొక మాట యాడువానిని, గెలిచినవారి వెంట నడచువానిని ఊసరవెల్లి యందుము. పల్లెటూళ్ళలో కంచెమీద తొండ కనబడినను ఊసరవెల్లి కనబడినను పిల్లలు రాయి తీయుదురు. రెంటికిని భేదమున్నదని చెప్పు పెద్దలును తక్కువే. నేనును గోదావరి తీరమున అట్టి పిల్లల నడుమ పెరిగినదానను. అరువదియేడవ యేట ఒక ఊసరవెల్లికి దాదినై ఐదు మాసములు గడుపుదునని యెవరైన జోస్యము చెప్పియుండినచో నవ్వియుందును.

2023వ సంవత్సరము అక్టోబరు నెలాఖరున నేను అమెరికాలో, టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరమునకు చేరువనున్న మా అమ్మాయి యింటికి వెళ్ళితిని. మా మనుమనికి పదునొకండేండ్లు. వానికి కుక్క దగ్గఱకు వచ్చినచో తుమ్ములు, పిల్లి దగ్గఱకు వచ్చినచో దద్దురులు. బొచ్చులేని ప్రాణి కావలెనని వెదకి, వాని పుట్టినరోజునకు తండ్రి ఒక ఊసరవెల్లి పిల్లను కొనియిచ్చెనట. నేను వెళ్ళునప్పటికి అది వచ్చి యెనిమిది నెలలు.

సోదరీమణులు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. మన దేశమున ఊసరవెల్లిని పట్టి పెంచుకొనుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. పెరటిలో దెబ్బతిన్నది కనబడినను అటవీశాఖవారికి తెలుపవలసినదే గాని యింట నుంచుకొనరాదు. మా అమ్మాయి యింటనున్నది మన జాతి గాదు. దాని పుట్టినిల్లు యెమెను దేశమును, సౌదీ అరేబియా నైరుతి భాగమును. అమెరికాలో ఆ జాతిని పంజరములలోనే పొదిగించి, పిల్లలను అంగళ్ళలో అమ్ముదురు.

మనుమడు దానికి పెట్టిన ఇంగ్లీషు పేరు నా నోట పలుకలేదు. రంగులు మార్చువాడు గనుక రంగయ్య యంటిని. వారము తిరుగకుండ ఇంటిల్లిపాదికి అది రంగయ్యయే అయినది.

తలపై కిరీటము వలె నిలువుగా లేచిన యెముక. రెండు వైపులకు వేర్వేరుగా తిరుగు గుండ్రని కన్నులు. కొమ్మను పట్టకారు వలె పట్టు పాదములు. శరీరముకంటె పొడవుగా సాగి, ఱెప్పపాటులో పురుగును తెచ్చి నోటిలో వేయు నాలుక. ఇక రంగుల మాట. చెట్టు పచ్చనైన పచ్చగాను, మట్టి యెఱ్ఱనైన యెఱ్ఱగాను మాఱి లోకమును మోసగించునని మన నమ్మకము. అది నిజము కాదు. దాని రంగు ముఖ్యముగ మనఃస్థితిని బట్టియు, వేడిమిని బట్టియు మాఱును. 2015లో జెనీవా విశ్వవిద్యాలయమువారు మడగాస్కరు దేశపు ఊసరవెల్లులను పరీక్షించి, చర్మములోని కొన్ని కణములయందు అతిసూక్ష్మములైన స్ఫటికములు వరుసలుగా నుండుననియు, ప్రాణి కుదుటగా నున్నప్పుడు అవి దగ్గఱగా చేరి, ఉద్రేకించినప్పుడు ఎడముగా జరుగుటచేత రంగు మాఱుననియు కనుగొనిరి. అనగా మనము దొంగవేషమనుకొన్నది ఆ మూగజీవి ముఖకవళిక. నవ్వును ఏడ్పును దాచుకొను విద్య మనుష్యులకే గాని దానికి లేదు.

దీపావళి వెళ్ళిన వారమునకు మనుమడు బడికి పోవుచు, "అమ్మమ్మా, రంగయ్య పగలు కూడా కళ్ళు మూసుకుంటున్నాడు" అని చెప్పెను. వెళ్ళి చూచితిని. పచ్చని మేని మీద పసుపు చారలుండవలసినవాడు బూడిద కలిపిన మట్టిరంగున నుండెను. కన్నులు గుంటలు పడినవి. ముందుకాలు ఒకటి మోచేతికి దిగువ విల్లువలె వంగినది. కొమ్మపై నిలువలేక పొట్టను ఆన్చి పడుకొనుచుండెను. ఎదుట పురుగు పాకుచుండగా చూచును, నోరు తెఱచును, నాలుక మాత్రము జానెడైన సాగదు.

ఆ రాత్రి భోజనముల వేళ ఈ ప్రసంగము వచ్చినది. మా అల్లుడు మంచివాడే, లెక్క తెలిసినవాడు. "అత్తయ్యగారూ, డాక్టరుకిచ్చే డబ్బులో సగానికే కొత్తది వస్తుందండీ" అనెను. అందులో అబద్ధము లేదు. మనుమడు పళ్ళెములోనికి చూచుచు ఒక్క మెతుకు ముట్టలేదు. ఏడ్చియుండినచో ఊరడించెడివారము, వాడు ఏడ్వలేదు. అదియే నాకు భయము గొలిపినది. ఇంటనున్న ప్రాణి జబ్బుపడినప్పుడు పెద్దలు మొదట ధర చూతురని పదునొకండేండ్లకే తెలిసికొన్న పిల్లవాడు, మున్ముందు ఎవరి జబ్బునకు ఏమి లెక్క వేయును? "వాడు కొత్తదాన్ని అడగలేదు కదా నాయనా. పగలంతా నేను ఇంట్లోనే ఉంటాను, నేను చూసుకుంటాను" అంటిని. అల్లుడు మఱు మాటాడక మఱునాడే వైద్యునికి ఫోను చేసెను.

ఇట్టి ప్రాణులకు వేఱుగా వైద్యులు కలరు. ఆయన ఎక్సురే తీసి చూపెను. యెముకలు ఉన్నవో లేవో యన్నట్లు పలుచని గీతలుగా కనబడినవి. దవడ కూడ మెత్తబడినది. ఆయన మొదట అడిగిన ప్రశ్న పంజరముపై దీపమేది యని. అమ్మిన యంగడివారు, "ఈ దీపమొక్కటి చాలును, పంజరమును కిటికీ ప్రక్కన పెట్టుడు, ఎండ తగులును" అని చెప్పి పంపిరట. ఆ దీపము వెలుగును వేడిని మాత్రమే యిచ్చునది. ఇక కిటికీలోనుండి వచ్చు ఎండ కంటికి ఎండయే, ఒంటికి కాదు. చర్మముపై పడి డి విటమినును పుట్టించు అతినీలలోహిత కిరణములను కిటికీ అద్దము లోనికి రానీయదు. ఆ విటమిను లేనిదే తిన్న తిండిలోని సున్నము ప్రేగులనుండి రక్తములోనికి తగినంత చేరదు. రక్తమునకు సున్నము లేక జరుగదు గనుక శరీరము తన యెముకలనే కరగించుకొని సరిపెట్టుకొనును. కండరములు పనిచేయుటకును సున్నము కావలెను. నాలుక సాగకపోవుటకు కారణము అదియే.

వినగా వినగా ఇది నాకు తెలిసిన జబ్బే అనిపించినది. పసిపిల్లలకు దొడ్డికాళ్ళు వచ్చు రికెట్సు ఇదియే గదా! మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప వియన్నా నగరమున తిండిలేక, వెలుగులేక వందలకొలది శిశువులు ఈ వ్యాధితో బాధపడుచుండ, హారియట్ చిక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞురాలు 1919 మొదలు 1922 వఱకు అచ్చటి పిల్లల వైద్యశాలలో తోడి స్త్రీలతో కూడి పనిచేసి, కాడ్‌లివరు నూనెచేత గాని సూర్యరశ్మిచేత గాని అది కుదురునని స్పష్టముగ నిరూపించెను. ఆమె నూటరెండేండ్లు బ్రతికి 1977లో పోయినది. అదే 1919లో బెర్లినులో హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు అతినీలలోహిత దీపము క్రింద పిల్లలను పడుకోబెట్టి నయము చేసెను. మన తల్లులు పసిబిడ్డకు నూనె అంటి ప్రొద్దుటి యెండలో కాళ్ళపై పడుకోబెట్టుకొనునప్పుడు ఈ శాస్త్రము వారికి తెలియకపోవచ్చును గాని పని మాత్రము తెలిసినదే. ఆ బిడ్డయే పెరిగి పెద్దదైన పిదప "ఎండ కన్నెఱుగని యిల్లాలు" అని మెచ్చుకొను ఆచారము ఎందుకు వచ్చెనో గాని, ఆ మెప్పును యెముకలతో చెల్లించిన స్త్రీలు ఎందఱో!

వైద్యుడు చెప్పిన ప్రకారము క్రొత్త గొట్టపు దీపము వచ్చినది. దాని వెలుగు కంటికి మామూలుగానే యుండును; ఏడాదిలోపున దాని అసలు సత్తువ తఱిగిపోవునట, వెలుగు మాత్రము నిలిచియుండునట. అందుచేత బిగించిన తేదీని దానిమీదనే వ్రాసితిమి. పగలు పండ్రెండు గంటలు వెలిగించి రాత్రి ఆర్పవలెను. కొమ్మలన్నియు క్రిందికి దింపి, అడుగున మెత్తని తువ్వాళ్ళు పఱచితిమి. పడినచో ఆ యెముకలు పుల్లలవలె విఱుగును.

మందు సున్నపు పాకము. దినమునకు రెండుమారులు సూదిలేని సిరంజితో ఇయ్యవలెను. నోరు బలవంతముగా తెఱచినచో దవడ చిట్లునని వైద్యుడు మఱి మఱి హెచ్చరించెను. ఇక్కడ నా పెద్దతనము అక్కఱకు వచ్చినది. ముగ్గురు బిడ్డలకు ఉగ్గుగిన్నెతో పాలు పట్టిన చేయి యిది. పెదవి అంచున ఒక బొట్టు ఉంచి ఊరకుంటిని. అర్ధనిమిషమునకు నాలుక కొన వచ్చి దానిని తుడుచుకొని పోయినది. మఱియొక బొట్టు. మొత్తము మందు లోనికి పోవుటకు మొదటి దినము నలుబది నిమిషములు పట్టినది. ఈ మందు ఎంతెంత యనునది వైద్యుడే చెప్పవలెను. డి విటమినును ఎక్కువగా పోసినను ప్రాణాపాయమే.

నీరు గిన్నెలో పోసిన త్రాగదు. నిలిచిన నీరు దాని కంటికి నీరుగా తోచదు. ఆకులమీద జల్లవలెను; జాఱు బొట్టును నాకును. ఉదయము సాయంకాలము జల్లుచు, పూలమొక్కలకు నీరు పోసినట్లే భావించుకొంటిని.

కష్టమైన పని తిండి. మా యింట నీచు వండము. రంగయ్యకు బ్రదికియున్న కీచురాళ్ళు కావలెను. అవి డబ్బాలలో వచ్చును, రాత్రియంతయు అరచును. వాటిలో సున్నము పాలు మిక్కిలి తక్కువ గనుక ఒక సంచిలో వేసి తెల్లని సున్నపు పొడి అద్ది పెట్టవలెను. మనుమడు బడిలో నుండు వేళ ఆ పని నాదే. మొదటివారము ప్రతిమారును స్నానము చేసితిని. డిసెంబరు చలిలో అది సాగక, చేతులు సబ్బుతో కడుగుకొనుటతో సరిపెట్టితిని. (చేతులు కడుగుకొనుట ఆచారము మాత్రమే కాదు, ఇట్టి ప్రాణులనుండి కడుపుజబ్బు క్రిములు అంటును. వాటి గిన్నెలు వంటింటి తొట్టిలో కడుగరాదు.) ఒక ప్రాణిని నిలుపుటకు నా చేతులతో నలుబది ప్రాణులను పంపుట న్యాయమా యని నేటికిని నాకు సమాధానము దొరకలేదు. వంటయింటి దేవుని ముందు నిలిచి ఆ ప్రశ్న వేసికొనుట మాత్రము మానలేదు.

ఒక లెక్కపుస్తకము పెట్టితిని. తేదీ, బరువు, రంగు, తిన్న పురుగులు, విసర్జనము. బిడ్డల తల్లులకు చివరి మాట వింత గాదు. ఊసరవెల్లి మూత్రము సున్నపుముద్ద వలె గట్టిగా వచ్చును. తెల్లగానున్న మేలు, పసుపు నారింజ చాయలైన ఒంటిలో నీరు చాలలేదన్నమాట. రంగు గడిలో నేను "బూడిద", "మట్టి", "లేత పచ్చ" అని తెలుగున వ్రాయుచుంటిని. మాట్లాడుట వచ్చును గాని అక్షరములు రాని మా మనుమడు బడినుండి రాగానే ఆ గడి చదివింపుమని నా చుట్టు తిరుగుచుండెను. పది దినములలో "మట్టి" యను మాటను తానే గుర్తుపట్టెను. ఆ దినములలో ఆ మాటయే ఎక్కువ.

మొదట 62 గ్రాములు. డిసెంబరు నెలాఖరునకు 58. సంక్రాంతికి ముందు నాలుగు దినములు మందు తప్ప ఏమియు ముట్టలేదు. నాలుగవనాటి రాత్రి మేని రంగు సున్నము వెల్లవేసినట్లు పాలిపోయినది. నిద్రలో లేతరంగు సహజమే యని వైద్యుడు చెప్పియున్నను, ఎవరికి ధైర్యముండును? మనుమడు పంజరము ప్రక్కనే పరుపు వేసికొనెను. నేను కుర్చీలో కూర్చుంటిని. రెండు గంటల వేళ మా అల్లుడు లేచి వచ్చి, మాట లేకుండ నా భుజముపై శాలువ కప్పి, తానును నేలపై కూర్చుండెను. తెల్లవాఱి దీపము వెలుగగానే రంగయ్య ఒక కన్ను తెఱచి మమ్ములను ముగ్గురిని వరుసగా చూచెను. రెండవ కన్ను కీచురాళ్ళ డబ్బావైపు తిరిగినది.

అక్కడినుండి త్రోవ నెమ్మదిగా నెక్కినది. ఫిబ్రవరిలో 71. పురుగును చేతినుండి పండ్లతో అందుకొనుట మాని నాలుక చాచుట మొదలుపెట్టెను. మొదట బెత్తెడు, పిదప జానెడు. మార్చి నెలలో వెచ్చని దినములు రాగా, వైద్యుని అనుమతితో వలపంజరమున పెట్టి పెరటిలోనికి తీసికొనిపోయితిమి. సగము నీడ ఉండునట్లు, అడుగు దూరమున నేను కాపు. అద్దము అడ్డులేని ఎండ మొదటిసారి మేనికి తగిలినప్పుడు ప్రక్కలు చదునుగా వెడల్పు చేసి, సూర్యుని వైపు నల్లగా తిరిగినది. వేడిని త్రాగుటకు అదియొక ఉపాయము. పావుగంటకు ఆ నలుపు విడిచి, నేను అంతవఱకు చూచి యెఱుగని పచ్చ పైకి వచ్చినది. లేత అరటియాకు పచ్చ. దానిపై పసుపుకొమ్ము చారలు.

ఏప్రిలులో ఒకనాడు మందు పట్ట బోగా, గొంతు ఉబ్బించి, నోరు తెఱచి, బుస్సుమని నామీదికి వచ్చెను. ఐదు మాసములు తలవంచుకొని మందు త్రాగినవాడు! సహజముగ ఈ జాతి మనిషి చేతిని ఓర్వదనియు, కోపము వచ్చినదన్న బలము వచ్చినట్లే యనియు వైద్యుడు చెప్పి నవ్వెను. ఆ వారమే ద్రవపు మందు మాన్పించెను. వంగిన ముందుకాలు మాత్రము వంగినట్లే గట్టిపడినది. అది ఇక తిన్నన కాదు. కొమ్మ మాఱునప్పుడు ఆ కాలు ఒక అంగుళము ప్రక్కకు పడి, మరల సర్దుకొనును.

నేను బయలుదేరిన దినమున బరువు 94 గ్రాములు. పుస్తకము మనుమనికి అప్పగించితిని. వాడు వారమునకొక పుట ఫోనులో పంపును. బరువు అంకెలలో, రంగు తెలుగులో. మొదటి పుటలో "పచ" అని యున్నది. చకారమునకు వత్తు ఇయ్యవలెనని చెప్పితిని. తరువాతి వారము రెండు వత్తులు ఇచ్చెను.