నీడ చెట్టు ముందు, మిరియం తర్వాత: 75 వేలకి ల్యాప్‌టాప్ ఎలా ఎంచుకున్నాను

ఈ ఏడు ఇంజనీరింగ్‌లో, డిగ్రీలో సీట్లు వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు "అన్నా, గేమింగ్ ల్యాప్‌టాప్ ఏది తీసుకోవాలి" అని అడుగుతున్నారు. మోడల్ పేరు ఒక్కటి చెప్తే సరిపోదు. ఒకే పేరు మీద నాలుగైదు రకాలు అమ్ముతారు, ఆరు నెలలకి ఆ పేరే మారిపోతది. అందుకే నేను ఎలా లెక్క వేసుకున్నానో మొత్తం రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ముందు డబ్బు సంగతి. నా దగ్గర 75 వేలు జమ అయ్యాయి. అందులో 40 వేలు ఇంటి కాఫీ, మిరియాల డబ్బు. 10 వేలు అక్క డ్వాక్రా గ్రూపులో తీసి ఇచ్చింది. స్కాలర్‌షిప్‌లో మిగిల్చుకున్నది 12 వేలు, రెండు వేసవి సెలవుల్లో విశాఖలో పని చేసి దాచుకున్నది 13 వేలు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, బండి లేదు. ఇప్పటిదాకా మా గడప దాటి లోపలికొచ్చిన వస్తువుల్లో ఇంత ఖరీదైంది ఇంకోటి లేదు.

మరి గేమింగ్ ల్యాప్‌టాపే ఎందుకు అంటే, గేమ్స్ ఆడతాను కాబట్టి. దాచాల్సిందేమీ లేదు. ఇంకో కారణం, గేమ్స్ తయారు చేయడం నేర్చుకుంటున్నాను. బ్లెండర్‌లో మా కొండ, మా వాగు, మా సంత బొమ్మలు చేసి, చిన్నపిల్లలు కువి మాటలు నేర్చుకునే ఒక చిన్న గేమ్ చెయ్యాలని ఉంది. గేమ్ కట్టే గోడో ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తది. దాని 4వ వెర్షన్ నుంచి తెలుగు లిపిలో ఒత్తులు, గుణింతాలు కూడా సరిగ్గా వస్తాయి. కానీ బ్లెండర్‌లో బొమ్మ త్వరగా రెండర్ చెయ్యాలంటే గ్రాఫిక్స్ కార్డు కావాలి. కాలేజీ ల్యాబ్ సిస్టమ్స్‌లో అది లేదు, పైగా సాయంత్రం 5కి తాళం వేస్తారు.

మొదట వెళ్ళిన షాపులో నన్ను పైనుంచి కిందికి చూసి, "మీకెందుకయ్యా గేమింగ్‌వి, క్లాసులు వినడానికి ఇది చాలు" అని ఒక సాదా ల్యాప్‌టాప్ ముందు పెట్టారు. నేను మాట్లాడకుండా వచ్చేశాను. ఊరెళ్ళి ఇంట్లో కూర్చుని కంపెనీల సైట్లలో వివరాలు చదవడం మొదలుపెట్టాను. మా ఊళ్ళో సిగ్నల్ కొండెక్కితేనే వస్తది కాబట్టి అన్నీ స్క్రీన్‌షాట్లు తీసుకుని దిగేవాణ్ణి.

నాన్న ఒక్కటే అడిగాడు. "ఇది ఎన్నేళ్ళు పనికొస్తది?"

ఆ ప్రశ్నతో నా లెక్క మొత్తం మారింది. అప్పటిదాకా ఏ ల్యాప్‌టాప్‌లో నంబర్లు పెద్దగా ఉన్నాయా అని చూస్తున్నాను. నాన్న కాఫీ తోట వేసినప్పుడు ముందు సిల్వర్ ఓక్ నాటాడు, నీడ వచ్చాక కాఫీ వేశాడు, చెట్లు ఎదిగాక వాటికి మిరియం పాదులు ఎక్కించాడు. నీడ చెట్టు తప్పు చోట పడితే తోట ఉన్నన్నాళ్ళూ అంతే. మిరియం ఏ ఏడు కావాలంటే ఆ ఏడు వేసుకోవచ్చు. ల్యాప్‌టాప్ కూడా అలాగే చూశాను. తర్వాత మార్చలేని వాటికి డబ్బు ఇప్పుడే పెట్టాలి, మార్చగలిగేవి తర్వాత చేసుకోవచ్చు.

మార్చలేనివి:

గ్రాఫిక్స్ కార్డు. ఇది బోర్డుకే అతికించి వస్తది. నా బడ్జెట్‌లో కనబడినవి ఆర్‌టీఎక్స్ 3050, ఆర్‌టీఎక్స్ 4050. ల్యాప్‌టాప్ 3050లోనే 4 జీబీది ఒకటి, 6 జీబీది ఒకటి ఉన్నాయి. 4050కి 6 జీబీ. కొత్త గేమ్స్‌కి, బ్లెండర్‌కి 4 జీబీ తొందరగా నిండిపోతది. ఇంకో సంగతి షాపు బోర్డు మీద రాయరు. అదే వాట్లు. ల్యాప్‌టాప్ 4050ని 35 నుంచి 115 వాట్ల వరకు ఏ కంపెనీ ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. పేరు ఒకటే, కానీ తక్కువ వాట్లది నెమ్మదిగా ఉంటది. కంపెనీ సైట్‌లో టీజీపీ అని ఉంటది, అది చూడండి.

ప్రాసెసర్. ఇదీ మార్చలేం. కానీ ఇక్కడ ఐ7 అనే పేరుకి పడిపోవద్దు. ఇంటెల్‌లో మొదటి రెండు అంకెలు తరం చెప్తాయి, 12450 అంటే 12వ తరం. రైజన్ 7000 సిరీస్‌లో మూడో అంకె చూడాలి. 7735లో 3 అంటే పాత జెన్ 3 కుటుంబం, 7840లో 4 అంటే జెన్ 4. చివర్లో హెచ్ ఉంటే బలమైనది, యు ఉంటే బ్యాటరీ ఆదా కోసం చేసింది. నాకు ఒకే రేటుకి ఐ7తో 3050, ఐ5తో 4050 దొరికాయి. గేమ్స్‌కి, రెండరింగ్‌కి ఐ5తో 4050 మేలు. అదే తీసుకున్నాను.

స్క్రీన్. 144 హెర్ట్జ్ అని పెద్దగా రాస్తారు. కింద చిన్నగా "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. బొమ్మలు వేసేవాళ్ళు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ చూడండి. దానికి 3 వేలు ఎక్కువైంది, పెట్టాను.

తర్వాత చేసుకోగలిగేవి:

ర్యామ్. నేను 8 జీబీది తీసుకుని, నెల తర్వాత ఇంకో 8 జీబీ వేసుకున్నాను. 8, 8 రెండు ముక్కలుగా ఉంటే డ్యూయల్ ఛానెల్ పనిచేస్తది, గేమ్స్‌లో ఆ తేడా తెలుస్తది. కొనేముందు ఖాళీ స్లాట్ ఉందా, లేక ర్యామ్ బోర్డుకే అతికించారా అని తప్పకుండా అడగండి. ర్యామ్ రేట్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. విడిగా కొంటే ఎంత, కంపెనీ 16 జీబీ పెట్టిస్తే ఎంత అని ఆ రోజే పోల్చుకోండి.

స్టోరేజీ. 512 జీబీ అంటారు గానీ విండోస్‌లో 476 దాకానే చూపిస్తది. కొన్ని గేమ్స్ ఒక్కొక్కటే 100 జీబీ దాటతాయి. నేను రెండో ఎస్‌ఎస్‌డీ స్లాట్ ఉన్నది చూసుకున్నాను, డబ్బు ఉన్నప్పుడు వేసుకుంటా.

ఇక మన హాస్టళ్ళకి, మన ఊళ్ళకి సంబంధించినవి. కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌ల ఛార్జర్‌కి 16 ఆంపియర్ల పెద్ద పిన్ను వస్తది, హాస్టల్ గదిలో చిన్న సాకెట్లే ఉంటాయి. డబ్బా తెరిచి చూపించమనండి. కరెంటు పోతే బ్యాటరీ మీద గేమ్ ఆడదామంటే కుదరదు, కార్డు వేగం తగ్గిపోతది, ఛార్జీ కూడా తొందరగా అయిపోతది. రాసుకోవడానికి, చదువుకోవడానికి మాత్రం బాగానే వస్తది. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచేవాళ్ళు ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగే సెట్టింగ్ పెట్టుకోండి. ఛార్జర్‌తో కలిపి బరువు ఎక్కువే, బస్సులో నిలబడి వచ్చేవాళ్ళు అదీ ఆలోచించండి. హాస్టల్‌లో రాత్రి లైట్లు ఆర్పేస్తారు కాబట్టి కీబోర్డు లైటు ఉండాలి.

వారంటీ ఇంటికొచ్చి చేస్తామంటే ఏ పిన్‌కోడ్‌కి వస్తారో అడగండి. మా ఊరి నుంచి విశాఖ వెళ్ళి రావడానికి ఒక రోజు పోతది, ఒక రోజు కూలీ పోతది. అందుకే నేను హాస్టల్ అడ్రస్ పెట్టి కొన్నాను. "నో కాస్ట్" ఈఎంఐ అన్నా కూడా వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, చాలా బ్యాంకుల్లో ప్రాసెసింగ్ ఫీజు పడతాయి. బిల్లు మీద సీరియల్ నంబర్, డబ్బా మీద నంబర్ ఒకటేనా అని చూసుకోండి.

రెండో షాపులో నేను ముందే "4050 ఎన్ని వాట్లు, ర్యామ్ ఎన్ని స్లాట్లు" అని అడిగాను. ఆ అన్న కుర్చీ వేసి కూర్చోబెట్టి, తనకి తెలియక సిస్టమ్‌లో వెతికి మరీ చెప్పాడు. అక్కడే కొన్నాను. ర్యామ్‌తో కలిపి 75 వేల లోపే అయింది.

నాన్నకి చెప్పిన జవాబు: ఐదేళ్ళు. మధ్యలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, అవసరమైతే బ్యాటరీ మారుస్తా. నా చదువయ్యాక ఇంటర్‌లో ఉన్న చెల్లికి అది వెళ్తది. ఇప్పుడే తను కువి మాటలు రికార్డు చేసి పంపుతోంది.

చివరిగా ఒక మాట. గేమ్స్ ఆడకపోతే, త్రీడీ, వీడియో ఎడిటింగ్ లాంటి పని లేకపోతే ఇది కొనకండి. కోడింగ్ నేర్చుకోవడానికి, ప్రాజెక్టులు రాయడానికి 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. మిగిలిన డబ్బు ఇంట్లోనే ఉంచండి. అవసరం ఉంటే మాత్రం "మనకెందుకులే" అనుకోకండి, లెక్క చూసుకుని అడిగి తీసుకోండి.